ఓడ తోకతో తిరుగుతుంది బావా

మే నెలలో మా బావ ఇంటి దగ్గరే దొరుకుతాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్లకి వేట నిషేధం. బోటు కాలవలో కట్టేసి, అరుగు మీద వల పరుచుకుని చిరుగులు కుట్టుకుంటూ కూర్చుంటాడు. నేను ఆర్నెల్ల కాంట్రాక్టు ముగించుకుని కాకినాడలో దిగింది కూడా సరిగ్గా అప్పుడే. బ్యాగు కింద పెట్టానో లేదో, వల మీంచి తలెత్తకుండానే అడిగాడు.

"ఏటి బావా, మీ ఓడోళ్ళకి కళ్ళు కనపడవేటి?"

సంగతేమిటంటే, ఫిబ్రవరిలో ఒక రాత్రి కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్‌ దీవికి బాగా అవతల వీళ్ళు వల లాగుతున్నారట. తెల్లవారుజామున మూడింటికి దక్షిణం నుంచి ఒక సరుకు ఓడ వచ్చింది. టార్చి కొట్టారు, అరిచారు. బాగా దగ్గరికొచ్చాక ఓడ ముక్కు అవతలికి తిరిగింది. గండం గడిచిందనుకున్నారు.

"అనుకున్నామో లేదో, ముక్కు అటు పోయింది గానీ ఎనక బాగం మొత్తం మా మీదకి ఇసిరేసేడు. యాభై బారల్లో పోయింది బావా. పొపెల్లరు సప్పుడు ఇనపడింది మాకు. కావాలనే చేసేడు."

నేను ఓడల మీద పదిహేడేళ్ళుగా ఉన్నాను. అందులో ఏడేళ్ళు కెప్టెన్ కుర్చీలో. మా బావ బోటు నడపడం మొదలెట్టి ముప్పై ఏళ్ళు. సముద్రం గురించి ఆయనకి నేను చెప్పేదేమీ లేదు. కానీ ఓడ గురించి మాత్రం చెప్పాలి. "కావాలని చెయ్యలేదు బావా, ఓడ తిరగడమే అలా తిరుగుతుంది" అన్నాను. నమ్మలేదు. తోటి ఓడోణ్ణి వెనకేసుకొస్తున్నానన్నట్టు చూశాడు.

పెరట్లో గోళెం నిండా నీళ్ళున్నాయి. వంటింట్లోంచి మూరెడు పొడవున్న ఆనపకాయ తెచ్చి అందులో వేశాను. "తొడిమ దగ్గర వేలుతో పక్కకి తొయ్యి" అన్నాను. తోశాడు. తొడిమ జానెడు పక్కకి పోయింది. రెండో కొస ఎదురువైపుకి కొంచెం జరిగింది, అంతే. ఓడకి ముక్కు లాంటి ఆ రెండో కొస నుంచి మూడో వంతు దూరంలో ఒకచోట మాత్రం కాయ కదలనే లేదు. దాని చుట్టూతా మిగతా కాయంతా తిరిగింది. మళ్ళీ తోశాడు. మూడోసారి నేను చెప్పకుండానే తోశాడు.

మా భాషలో ఆ కదలని చోటుని పివట్ పాయింట్ అంటాం. చుక్కాని ఉండేది ఓడ వెనక కొసన. చుక్కాని తిప్పితే నీళ్ళు తోసేది తోకని. కారు ముందు చక్రాలతో తిరుగుతుంది కాబట్టి వెనక చక్రాలు వాటి వెంట లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఓడ సంగతి అందుకు పూర్తిగా తలకిందులు. ముక్కు కుడికి పోవాలంటే తోక ముందుగా ఎడమకి పోవాలి. ముందుకి నడుస్తున్న ఓడకి పివట్ పాయింట్ ముక్కు నుంచి నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్యలో ఉంటుంది. నేను ఇప్పుడు దిగి వచ్చిన ఓడ 225 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పు. అంటే పివట్ పాయింట్ వెనక నూట యాభై మీటర్ల తోక ఉందన్నమాట. అదంతా బయటికి ఊడ్చుకుంటూ పోతుంది. తిప్పడం మొదలెట్టిన కాసేపు ఓడ మొత్తం కూడా తిరగాల్సిన వైపుకి కాక, కొద్దిగా అవతలికే జరుగుతుంది.

ఇది మొదట నాకు నేర్పింది ఏ నాటికల్ కాలేజీ వాళ్ళూ కాదు. మా నాన్న కాకినాడ యాంకరేజిలో బార్జి మీద సరంగు. అప్పట్లో పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేక దూరంగా లంగరేసుకుని నిలబడితే, బియ్యం బస్తాలు బార్జిలకెత్తి కాలవలోంచి వాటి దగ్గరికి తీసుకుపోయేవారు. వేసవి సెలవుల్లో నన్నూ ఎక్కించుకునేవాడు. కాలవ మలుపులో బార్జి తిప్పాల్సినప్పుడు నన్ను వెనక కొసన నిలబెట్టేవాడు. "ముందు సంగతి నేను సూసుకుంటాను, ఎనక గట్టుకి తగులుద్దేమో సూసి కేకెయ్యి" అనేవాడు. నేనేమో ముందు నిలబడి చూడాలని ఏడ్చేవాణ్ణి. వెనక పని చిన్నవాళ్ళకిచ్చే పనికిమాలిన పని అనుకునేవాణ్ణి.

బావ మాత్రం గోళెం దగ్గర నుంచి ఇంకా కదల్లేదు. "అయితే మరి, నన్ను సూసినోడు తిప్పకుండా ఎల్లిపోవాలా?" అన్నాడు.

అదే అసలు ప్రశ్న. యాభై బారల దగ్గర ఉన్న బోటు నుంచి దూరంగా ఓడ ముక్కు తిప్పడమంటే, ఆ బోటుని తోకతో కొట్టడానికి పూనుకోవడమే. అంత దగ్గరికొచ్చాక మంచి దారంటూ ఉండదు. మూడు నాలుగు మైళ్ళ దూరంలో ఉండగానే తిప్పి ఉంటే తోక గొడవే రాదు. సముద్రంలో గుద్దుకోకుండా ఉండడానికి 1972లో రాసుకున్న అంతర్జాతీయ నిబంధనల్లో ఎనిమిదోది చెప్పేది ఇదే. చేసే పని ముందుగా చెయ్యాలి, అవతలివాడికి చూడగానే తెలిసేంత పెద్దగా చెయ్యాలి. ఐదు డిగ్రీలు, ఐదు డిగ్రీలు చొప్పున గీరుతూ తిరిగే ఓడ అవతలివాడి కంటికి తిరగనట్టే ఉంటుంది. ఓడకి కుడి పక్కన పచ్చలైటు, ఎడమ పక్కన ఎర్రలైటు ఉంటాయి. రాత్రి నా గదిలోకి ఫోన్ చేసి "సార్, కొంచెం తిప్పాను" అని చెప్పే థర్డ్ ఆఫీసర్లకి నేను అడిగే ప్రశ్న ఒకటే. "కొంచెం అంటే ఎంత? అవతలివాడికి నీ పచ్చలైటు పోయి ఎర్రలైటు కనపడిందా?"

ఇదే తోక సంగతి మనిషి నీళ్ళలో పడ్డప్పుడు ప్రాణం నిలబెడుతుంది. కుడివైపు నుంచి మనిషి పడిపోతే చుక్కాని గట్టిగా కుడికే తిప్పాలి. కొత్తవాళ్ళకి ఇది తప్పుగా అనిపిస్తుంది, మనిషి మీదికే తిప్పుతున్నట్టు. కానీ కుడికి తిప్పితే తోక ఎడమకి పోతుంది, దాంతోపాటు ప్రొపెల్లరూ మనిషికి దూరంగా పోతుంది. రాత్రిపూటైతే అక్కడితో ఆపకుండా, ఓడ అరవై డిగ్రీలు తిరిగాక చుక్కాని పూర్తిగా ఎడమకి వేస్తే, ఓడ చుట్టుతిరిగి తను వచ్చిన దారి మీదికే ఎదురుగా వస్తుంది. దీన్ని విలియమ్‌సన్ టర్న్ అంటాం. డ్రిల్లులో మేం ఖాళీ డ్రమ్ము విసిరి ప్రాక్టీసు చేస్తాం. అలల మధ్య డ్రమ్ము కనపడకుండా పోవడానికి ఎంతసేపు పడుతుందో చూస్తే, రైలింగు పక్కన ఫోన్లు పట్టుకుని సెల్ఫీలు తీసుకునే కుర్రాళ్ళు వారం రోజులు బుద్ధిగా ఉంటారు.

"ముందుగా తిప్పాలంటే ముందుగా కనపడాలిగా" అన్నాడు బావ. అది మాత్రం నిజం. ఇక్కడ నేను ఆయనకి రెండు చేదు మాటలు చెప్పాల్సి వచ్చింది.

మొదటిది. ఓడ నడిపే గది, బ్రిడ్జ్ అంటాం, ఎక్కువ సరుకు ఓడల్లో వెనక కొసన ఉంటుంది. దాని ముందు రెండొందల మీటర్ల డెక్కు, దాని మీద క్రేన్లో కంటైనర్లో ఏవో ఒకటి. ముక్కు అవతల కొంతమేర సముద్రం మాకు కనపడదు. ఈ కనపడని మేర ఓడ పొడవుకి రెండింతలో 500 మీటర్లో, ఏది తక్కువైతే అది మించకూడదని అంతర్జాతీయ చట్టం. అంటే నా ఓడ ముక్కు ముందు 450 మీటర్ల వరకు కనపడకపోయినా చట్టం ప్రకారం అది సక్రమమైనదే! బావ బోటు పదిహేను మీటర్లు. ముక్కు ముందు అంత దగ్గరగా ఉన్న బోటు నుంచి టార్చి కొడితే చూసేవాడెవడూ ఉండడు. చేప కళ్ళలా ఆయన కళ్ళు రెప్పవేయకుండా ఉండిపోయాయి.

రెండోది లైట్లు. వల వెనక ఈడ్చుకుంటూ పోయే ట్రాల్ బోటు పైన పచ్చలైటు, దాని కింద తెల్లలైటు, చుట్టూతా కనపడేలా పెట్టాలి. ట్రాల్ కాకుండా వేరే వలలేసే బోటుకి పైన ఎర్రది, కింద తెల్లది. మా బావ బోటు మీద ఉన్నవేమో పెళ్ళిపందిరికి కట్టే మిణుకుమిణుకు దీపాలు. నీలం, గులాబీ, ఇంకా ఏదో రంగు. "దూరం నుంచి కనపడుద్ది కదేటి" అంటాడు. కనపడుతుంది బావా, ఏమిటో మాత్రం తెలియదు. రాడార్‌లో చిన్న చెక్కబోటు అలల గుర్తుల్లో కలిసిపోతుంది. కంటికి కనపడ్డవాడు ఎటు పోతున్నాడో, వలేశాడో లేదో చెప్పేది లైట్లే. వలేసిన బోటుకి దారి ఇవ్వాల్సింది నేనే, నిబంధన అలాగే ఉంది. కానీ వలేశాడని నాకు తెలియాలి కదా. ఇరుకు కాలవలో ఓడకి అడ్డం రాకూడదని బోటు వాళ్ళకీ ఒక నిబంధన ఉందని కూడా చెప్పాను. అది విననట్టు వల సర్దుకున్నాడు.

గుద్దుకుంటామా లేదా అని ఎలా తెలుసుకుంటావని మాత్రం నేనే ఆయన్ని అడిగాను. "ఆ ఓడ మా కర్రకి సూటిగా అలాగే ఉండి పెద్దదవుతుంటే గుద్దేత్తాది" అన్నాడు. మా పుస్తకంలో ఏడో నిబంధన అదే. అవతలి ఓడ ఉన్న దిశ కంపాసులో మారకుండా దూరం మాత్రం తగ్గుతుంటే ప్రమాదం ఉన్నట్టే. ఆయన వెదురు కర్రతో చూస్తాడు, నేను లక్షల రూపాయల జైరో కంపాసుతో చూస్తాను.

"సరే, తిప్పలేనోడు ఆపొచ్చుగా?"

ఆపడం. దీని గురించి నాకు చెప్పడానికి చాలా ఉంది, ఎందుకంటే నా ఉద్యోగంలో నేను తిన్న ఒకే ఒక్క గట్టి దెబ్బ దీనివల్లే.

ముందు లెక్క చూడండి. పూర్తి వేగంలో, అంటే 14 నాట్లలో, పోతున్న ఓడ గంటకి 26 కిలోమీటర్లు పోతున్నట్టు. కాకినాడలో షేర్ ఆటో అంతకంటే జోరుగా పోతుంది. కానీ సరుకుతో కలిపి ఎనభై వేల టన్నుల పైమాట. 2002లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పెట్టిన ప్రమాణం ప్రకారం, ఇంజను పూర్తిగా వెనక్కి తిప్పి ఆపితే ఓడ తన పొడవుకి పదిహేను రెట్ల లోపు ఆగాలి. నా ఓడకది 3,375 మీటర్లు. చుక్కాని పూర్తిగా వేసి తిప్పితే మాత్రం నాలుగున్నర పొడవుల లోపే, అంటే కిలోమీటరు ముందుకి పోయేలోపే, 90 డిగ్రీలు తిరిగిపోవాలి. అందుకే నడిసముద్రంలో ప్రమాదం ఎదురైతే మా చెయ్యి మొదట చుక్కాని మీదికి పోతుంది, ఇంజను మీదికి కాదు. చుక్కాని మాత్రం తక్షణం తిరుగుతుందా అంటే అదీ లేదు. ఒక వైపు 35 డిగ్రీల నుంచి రెండో వైపు 30 డిగ్రీలకి పోవడానికి 28 సెకన్ల దాకా తీసుకోవచ్చని చట్టమే ఒప్పుకుంటుంది.

ఇంజనుకి వెనక్కి గేరు అనేది లేదు. మా ఓడల్లో ఇంజను ప్రొపెల్లరు షాఫ్టుకి నేరుగా బిగించి ఉంటుంది. వెనక్కి పోవాలంటే ఇంజనుని ఆపి, గాలి సీసాల్లో కుదించిన గాలితో దాన్ని ఎదురు దిశలో మళ్ళీ స్టార్టు చెయ్యాలి. సీసాలు నిండుగా ఉంటే, మళ్ళీ నింపకుండా కనీసం 12 స్టార్టులు రావాలని నియమం. బెర్తు దగ్గర, అంటే రేవులో ఓడ కట్టే గట్టు దగ్గర, ముందుకి, వెనక్కి, ముందుకి, వెనక్కి అని కెప్టెన్ ఆర్డర్లు వేస్తూ పోతే కింద చీఫ్ ఇంజనీరు వేళ్ళు లెక్కపెట్టుకుంటుంటాడు. పైగా ఓడ జోరుగా ముందుకి పోతుంటే, నీటి తోపుడుకి ప్రొపెల్లరు అటే తిరుగుతుంటుంది, ఇంజను వెనక్కి పట్టుకోనంటుంది.

పట్టుకున్నాక ఇంకో తమాషా. ఎక్కువ ఓడలకి ప్రొపెల్లరు ముందుకి నడిచేటప్పుడు, వెనకనుంచి చూస్తే, కుడికి తిరుగుతుంది. వెనక్కి తిప్పినప్పుడు ఎడమకి తిరుగుతుంది. అప్పుడది ఓడని వెనక్కి లాగడంతోపాటు తోకని పక్కకి, ఎడమవైపుకి, ఈడ్చుకుపోతుంది. తోక ఎడమకి పోతే ముక్కు కుడికి తిరుగుతుంది. చుక్కాని దగ్గరికి నీళ్ళు రావు కాబట్టి అది పనిచెయ్యదు. అంటే ఇంజను వెనక్కి వేసిన క్షణం నుంచి ఓడ ఎటు తిరగాలో ప్రొపెల్లరే నిర్ణయిస్తుంది.

ఇదంతా పరీక్షల్లో రాశాను. మంచి మార్కులే వచ్చాయి. కెప్టెన్‌గా నా మొదటి కాంట్రాక్టులో, పేరు చెప్పను, ఒక నది రేవుకి వెళ్ళాం. 190 మీటర్ల ఓడ. పెద్ద ఓడల్ని లాగి, నెట్టి గట్టుకి చేర్చే చిన్న పడవలు, టగ్గులు, రెండు అడిగితే ఒకటే వచ్చింది. దాన్ని ముక్కు దగ్గర కట్టాం. కుడివైపు గట్టుకి ఆనుకోవాలి. పైలట్, అంటే రేవులోకి దారి చెప్పడానికి ఓడ ఎక్కే అక్కడి మనిషి, అనుభవమున్నవాడే, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. బెర్తు ఇంకా రెండొందల మీటర్లుందనగా వేగం రెండు నాట్ల పైనే ఉంది. నాకు ఎక్కువనిపించింది. అనిపించింది గానీ నోరు విప్పలేదు. కొత్త కెప్టెన్‌ని, పెద్దాయన ముందు ఏం మాట్లాడతాం అనుకున్నాను. మన పెంపకం అలాంటిది కదా. బ్రిడ్జ్ మీద ఆ పెంపకం పనికిరాదు. పైలట్ చెప్పేది సలహా, ఓడ మాత్రం కెప్టెన్‌దే.

ముక్కు దగ్గర చీఫ్ ఆఫీసరు వాకీటాకీలో దూరం చెబుతున్నాడు. ఇరవై మీటర్లు, పదిహేను, పన్నెండు. నా చెవులూ కళ్ళూ అక్కడే ఉన్నాయి. పైలట్ స్లో ఆస్టర్న్ అన్నాడు, అంటే ఇంజను నెమ్మదిగా వెనక్కి వెయ్యమని. ఓడ ఆగలేదు. హాఫ్ ఆస్టర్న్ అన్నాడు. అదే వాకీటాకీలో వెనకనుంచి సెకండ్ ఆఫీసరు రెండుసార్లు అన్నాడట, "సార్, తోక గట్టు నుంచి దూరమవుతోంది" అని. నాకు వినపడలేదు. వినపడినా చెవికెక్కలేదేమో. ప్రొపెల్లరు తన పని తను చేసింది. తోక ఎడమకి, నదిలోకి పోయింది. ముక్కు కుడికి తిరిగి గట్టు మీదికి పోయింది. టగ్గు లాగేలోపే ముక్కు గట్టుకి దెబ్బ తగలకుండా కట్టిన ఒక ఫెండర్‌ని పెరికేసి, ఆరేడు మీటర్లు కాంక్రీటుని గీరుకుంటూ ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఓడ చెంప మీద మాత్రం బిందెకి పడ్డట్టు సొట్ట పడింది.

ఆ రాత్రి ఆఫీసుకి రిపోర్టు రాస్తూ కారణాల దగ్గర టగ్గు రాలేదని రాశాను, ప్రవాహం గురించి రాశాను. అవి అబద్ధాలు కావు. కానీ ఆ రిపోర్టులో నేను రాయని కారణం ఒకటుంది. నేను తోక వైపు చూడలేదు. మా నాన్న పదేళ్ళ పిల్లాణ్ణి బార్జి వెనక నిలబెట్టింది ఎందుకో అప్పటికి గానీ నాకు వెలగలేదు. అప్పటికి ఆయన లేడు.

ఇప్పుడైతే ఎలా చేస్తానంటే, ఆస్టర్న్ అవసరమే పడనంత నెమ్మదిగా వస్తాను. కుడివైపు గట్టుకి దాదాపు సమాంతరంగా, ఒక నాటు లోపు. ఆఖర్లో ఆపే ముందు చుక్కాని పూర్తిగా ఎడమకి వేసి ఇంజనుని ఒక్క క్షణం ముందుకి తన్నిస్తాను. ప్రొపెల్లరు నీళ్ళు చుక్కానిని తాకి తోక కుడికి, గట్టు వైపుకి, ఊగడం మొదలెడుతుంది. ఓడకి వేగం పెరిగేలోపే ఇంజను ఆపుతాను. అప్పుడు వెనక్కి వేస్తే, ప్రొపెల్లరు తోకని ఎడమకి లాగే లాగుడు ఆ ఊపుని చంపుతుంది. రెండూ సరిపోయి ఓడ తిన్నగా నిలబడుతుంది. ఎడమవైపు గట్టుకైతే ఇంత తంటా లేదు, కొంచెం ఏటవాలుగా వచ్చి ఆస్టర్న్ వేస్తే తోక దానంతటదే లోపలికొస్తుంది. ఈ చిన్న తన్నుని కిక్ అంటాం. నెమ్మదిగా పోయే ఓడని తిప్పడానికి దీన్ని మించింది లేదు. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. వేగం రెండింతలైతే ఓడ గట్టుకి కొట్టే దెబ్బ నాలుగింతలవుతుంది.

పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న మా అక్క అంతా విని, "అయితే అప్పట్లో ఫోన్లో అంతా బాగానే ఉందన్నావ్" అంది. తల్లి లాంటిది, ఏదీ మర్చిపోదు.

వేగం అన్నాను కాబట్టి బావ మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పేస్తాను. ఆయన కాలవలో బోటు జోరుగా తోల్తాడు. పోతుంటే గట్టు పక్కన నీళ్ళు ముందు కిందికి దిగి, తర్వాత పొంగి, కట్టేసిన బోట్లు ముందుకీ వెనక్కీ ఊగి తాళ్ళు తెంపుకుంటాయి. అది అల వల్ల అనుకుంటారు గానీ, అలకంటే ముందు జరిగేది ఇంకోటుంది. ఇరుకులో పోయే ఓడకీ గట్టుకీ మధ్య నీళ్ళు సందు దొరక్క వేగంగా పరిగెడతాయి. వేగంగా పరిగెత్తే నీళ్ళ దగ్గర ఒత్తిడి పడిపోతుంది. పక్కనున్న గట్టు ఓడని లాగుతుంది, కిందనున్న నేలా లాగుతుంది.

నేల లాగడాన్ని స్క్వాట్ అంటారు. ఓడ మునుగు లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది. మేం వాడే మోటు లెక్క ఇది. నాట్లలో వేగాన్ని దానితోనే గుణించి, ఓడ పొట్ట ఆకారం ఎంత పెట్టెలా ఉందో చెప్పే అంకెతో, మా సరుకు ఓడలకి 0.8, మళ్ళీ గుణించి, వందతో భాగిస్తే మీటర్లలో వస్తుంది. పది నాట్లలో 80 సెంటీమీటర్లు. కాలవలాంటి ఇరుకులో దానికి రెట్టింపు, మీటరున్నర పైన. వేగం ఐదు నాట్లకి తగ్గిస్తే అదే ఇరుకులో 40 సెంటీమీటర్లే. 1992 ఆగస్టు 7న క్వీన్ ఎలిజబెత్ 2 అనే పెద్ద ప్రయాణికుల ఓడ అమెరికాలో మసాచుసెట్స్ తీరం దగ్గర దాదాపు 25 నాట్లలో పోతూ, మ్యాపులో లేని రాళ్ళకి అడుగు రాసుకుంది. రాళ్ళు మ్యాపులో లేకపోవడం ఒక కారణం. ఆ వేగంలో ఓడ ఎంత కిందికి దిగుతుందో సరిగా లెక్కేసుకోకపోవడం రెండో కారణం.

గట్టు లాగడం ఇంకా టక్కరిది. గట్టుకి దగ్గరైన ఓడ తోకని గట్టు లోపలికి లాక్కుంటుంది, ముక్కునేమో ఎదుటి గట్టు వైపుకి నెట్టేస్తుంది. సూయజ్ కాలవలో 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అడ్డం తిరిగినప్పుడు లోకమంతా చూసింది. 400 మీటర్ల ఓడ, మీద కొండలా కంటైనర్లు, ఇసుక తుఫాను, పక్కగాలి. గాలికి ఓడ ఒక పక్కకి ఒరిగితే సరిచెయ్యబోవడం, అటు గట్టు దగ్గరైతే ఇటు తిప్పబోవడం. ఇరుకులో అలా ఊగడం మొదలయ్యాక చుక్కాని మాట చెల్లదు. ముక్కు తూర్పు గట్టులో గుచ్చుకుంది, తోక పడమటి గట్టుకి ఆనుకుంది. ఆరు రోజులు ప్రపంచ వాణిజ్యం ఆ ఓడకి రెండు పక్కలా క్యూ కట్టింది. సిబ్బంది 25 మందీ మనవాళ్ళే, భారతీయులు. ఆ వారంలో మా వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన జోకులకి నేను ఒక్కదానికీ నవ్వలేదు. అంత పెద్ద ఓడ నడిపిన ఎవరికైనా ఆ బ్రిడ్జ్ మీద నిలబడ్డవాళ్ళ కడుపులో ఏం జరిగి ఉంటుందో తెలుసు.

"మరి ఎలా లాగేరు దాన్ని?" అన్నాడు బావ. ఇసుక తవ్వారు, టగ్గులు పెట్టి లాగారు. అన్నిటికంటే పెద్ద సాయం పౌర్ణమి పోటు. మార్చి 28 పౌర్ణమి, 29న ఓడ తేలింది. అది వినగానే బావ మొహంలో వెలుగొచ్చింది. "అద్గదీ! పున్నమి పోటుకి తేలకపోతే ఇంకెప్పుడు తేలుద్ది? ముందే నన్నడిగితే సెప్పేవోణ్ణి" అన్నాడు.

లంగరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఆయనకే బాగా తెలుసు. లంగరు బరువు ఓడని ఆపదు. నేల మీద పొడవుగా పడుకున్న గొలుసు వల్ల లాగుడు అడ్డంగా పడి, లంగరు గోళ్ళు మట్టిలోకి దిగి పట్టుకుంటాయి. గొలుసు చాలకపోతే, గాలి పెరిగి గొలుసు నేల మీంచి లేస్తే, లంగరు దున్నుకుంటూ వచ్చేస్తుంది. 2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం మన కాకినాడ దగ్గరే తీరం దాటింది. ఆ గాలికి విశాఖలో లంగరేసుకున్న 'ఎంవీ మా' అనే బంగ్లాదేశ్ ఓడ తేలుకుంటూ వచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళమీద ఎక్కి కూర్చుంది. సిబ్బంది క్షేమం. వైజాగ్ జనం నెలల తరబడి దాని ముందు ఫోటోలు దిగారు. నాకు మాత్రం అలాంటి రాత్రుళ్ళు ఒకే నియమం. వాతావరణం పాడవబోతోందంటే ఒడ్డు పక్కన లంగరేసుకుని ఉండను. ఇంజను స్టార్టు చేసి నడిసముద్రంలోకి పోతాను. ఒడ్డుంటే భద్రం అనేది నేలమీది మనుషుల నమ్మకం. గాలివానలో ఓడకి అన్నిటికంటే ప్రమాదం ఒడ్డే.

పొద్దు వాలింది. బావ వల మడిచి, చివరికి మళ్ళీ మొదటికే వచ్చాడు. "అయితే ఆ రాత్రి ఆ ఓడోడిది తప్పా, కాదా?"

తప్పే బావా, అన్నాను. కావాలని తోక విసరలేదు, కానీ తప్పు వాడిదే. కనపడని రాత్రి వేగం తగ్గించలేదు. బయట చూసేవాడు నిద్రపోయాడో, ఫోను చూసుకుంటున్నాడో. చూసినవాడు ఆలస్యంగా చూశాడు. ఆలస్యమైనా, ముక్కు తిప్పాక బోటు తన పక్కకి రాగానే చుక్కాని బోటు వైపుకే తిప్పి ఉండాల్సింది. అప్పుడు తోక మీకు దూరంగా పోయేది. నేలమీది బుద్ధికి ఇది ఎక్కదు, ప్రమాదం వైపే తిప్పమంటే ఎవడికీ చెయ్యి రాదు. నాకు వస్తుందా అంటే, ఆ నది రేవు తర్వాత వస్తుందనే అనుకుంటున్నాను.

బావ గోళెంలో చెయ్యి పెట్టి ఆనపకాయని ఇంకోసారి తోశాడు. ఈసారి ముక్కు వైపు తోశాడు, ఏమవుతుందో చూద్దామని. మా అక్క వచ్చి కాయ లాక్కుపోయింది. ఆ రాత్రి పులుసు పెట్టింది.

మర్నాడు ఇద్దరం బజారుకెళ్ళి పచ్చలైటొకటి, తెల్లలైటొకటి కొన్నాం. బేరం బావే ఆడాడు. సాయంత్రం బోటెక్కి కర్రకి పైన పచ్చది, కింద తెల్లది నేనే బిగించాను. కిందికి దిగి చూస్తే, నీలం గులాబీ దీపాల దండ అలాగే ఉంది, మెరుస్తూ. అదెందుకు పీకలేదంటే, "జూన్‌లో ఏటకెల్లేప్పుడు పూజ సెయ్యాలి కదేటి, అప్పుడు కళగా ఉంటాది" అన్నాడు.